ముహర్రం ముందు పదిహేడు రోజులు

జిల్‌ఖాదా, రెండో రోజు

మక్కాలో సగం మంది వర్తకుల ఒప్పందాలు నేనే రాస్తాను. నా సంగతి నేను రాసుకోవాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. ఇవాళ అనిపించింది. ఎండవేళ, అందరూ పడుకున్నారు. ఎవరికో రాసివ్వగా మిగిలిన మేకతోలు ముక్క చేతిలో ఉంది. ఇంట్లో నేను కాక చదవడం వచ్చింది సైఫీకి ఒక్కడికే. వాడు వెనక గదిలో కాలికి ఇనుప కడియంతో ఉన్నాడు కాబట్టి ఆ భయం లేదు.

కడియం నేనే వేశాను. వాడి మంచికే. పైగా చాలా వదులుగా వేశాను.

జిల్‌ఖాదా, మూడో రోజు

ఒప్పందం రాసేటప్పుడు ముందు ఎవరు ఎవరికి ఏమవుతారో రాస్తాం. చేతికి అదే అలవాటు, ఇక్కడా అలాగే రాస్తాను.

సైఫీ నా తమ్ముడు, నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. నాన్న పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. అక్షరాలు దిద్దించింది నేను, ఒంటె ఎక్కడం నేర్పింది నేను, పెళ్ళి చేసింది నేను. మూడేళ్ళ క్రితం వాడు ఆ కొత్త దారిలో చేరాడు. దేవుడు ఒక్కడేనట. ఆయనకి కొడుకుల్లేరు, కూతుళ్ళు లేరు, వాటాదారులు లేరట. కాబా చుట్టూ మనం నిలబెట్టుకున్నవన్నీ ఉట్టి రాళ్ళేనట. చచ్చినవాళ్ళంతా ఒక రోజు లేచి నిలబడి, చేసిన ప్రతిదానికీ జవాబు చెప్పాలట. మొదట్లో వాదించాను. తర్వాత విసుగొచ్చి మానేశాను. ఊళ్ళో ఇంటికొకడు ఇలా తేలుతున్నాడు, మా ఇంట్లో వీడు తేలాడు అని సరిపెట్టుకున్నాను.

పోయిన నెల బజార్లో మిర్దాస్ తన దాసిని కొడుతున్నాడు. ఆవిడ కూడా ఆ దారిలో చేరిందని కోపం. వాడి దాసి, వాడి కర్ర, మనకెందుకు? సైఫీకి కావాల్సొచ్చింది. మధ్యలో దూరాడు. తోపులాటలో మిర్దాస్ ముంజేయి విరిగింది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని మిర్దాస్ కాబా ముందుకు వెళ్ళి ఒట్టు పెట్టుకున్నాడు. సైఫీ రక్తం కళ్ళ చూసేదాకా తలకి నూనె రాయడట, దువ్వెన పెట్టడట.

ఒట్టు పెట్టుకోవడం తేలికే. సైఫీ మీద చెయ్యి పడితే మా వంశం ఊరుకోదు, వాళ్ళలో ఒకణ్ణి తీస్తుంది. అది వాడికీ తెలుసు. అందుకే అట్టలు కట్టిన జుట్టుతో ఊరంతా తిరుగుతున్నాడు తప్ప ఏమీ చెయ్యలేదు.

జిల్‌ఖాదా, ఏడో రోజు

హర్మలా చిన్నాన్న వచ్చాడు. మా వంశానికి ఇప్పుడు పెద్ద ఆయనే. ఖర్జూరాలు పెడితే ముట్టలేదు.

"ఎన్నాళ్ళురా ఖుదైర్ ఇది? సిరియా బిడారులో మన ఒంటెల్ని రానివ్వం అంటున్నారు. మొన్న పెద్దల్లో నేనెళ్ళి కూచుంటే పక్కవాడు లేచి పోయాడు. ఒక్కడి కోసం ఇన్ని ఇళ్ళు ఎండిపోవాలా?"

"కడియం వేశాగా చిన్నాన్నా."

"నీ కడియం సంగతి నాకు తెలీదూ? గాడిదైనా విప్పుకుంటుంది. వదిలించుకో. ఉకాజ్ సంతలో పదిమందిలో నిలబడి, వాడు మావాడు కాడని చెప్పు. అన్నవి నువ్వు, నీ నోటితోనే చెప్పాలి."

"అలా చెప్తే మిర్దాస్ మర్నాడే నరికేస్తాడు."

"మర్నాడే ఎలా నరుకుతాడురా? ఇది జిల్‌ఖాదా."

అప్పుడు నాకు వెలిగింది. పవిత్ర నెలలు మూడు వరసగా ఉన్నాయి. జిల్‌ఖాదా, జిల్‌హజ్, ముహర్రం. తండ్రిని చంపినవాడు ఎదురుపడినా ఈ మూడు నెలలూ కత్తి తియ్యడు ఎవడూ. ఇప్పుడే మా వాడు కాదని చెప్పేస్తే ఊరు శాంతిస్తుంది. సైఫీ భార్య హుమైమాకి వచ్చే నెలాఖరుకి పురుడు. పిల్ల పుట్టిన ఏడో రోజున తల గీసి, ముహర్రం రెండున బయల్దేరితే పదమూడుకల్లా యస్రిబ్ ఊళ్ళో ఉంటారు. అక్కడివాళ్ళు ఈ దారి మనుషుల్ని తమ ఇళ్ళలో ఉంచుకుంటామని మాటిచ్చారు. ఒక్క చుక్క రక్తం పడదు. ఇంత చక్కటి ఒప్పందం నేను ఎవరికీ రాసి ఉండను.

చిన్నాన్నకి విప్పి చెప్పాను. "బాగుందిరా, నీ బుర్రే బుర్ర" అన్నాడు. ఆయన అంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ఏ దారిన పోతారని అడిగాడు. కొండల దారినే, రెండో మజిలీలో ఉప్పునీళ్ళ బావి దగ్గర ఆగుతారని చెప్పాను.

చిన్నాన్నే కదా. సైఫీని భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు.

జిల్‌ఖాదా, ఎనిమిదో రోజు

సైఫీకి చెప్పాను. హుమైమా ఏడ్చింది. వాడు ఏడవలేదు.

"నువ్వు లెక్క వేశావంటే సరిగ్గానే ఉంటుంది అన్నా. చెప్పేసెయ్."

"నీకు కోపం లేదా?"

"దేనికి? నువ్వు నా అన్నవి కాదని ఉకాజ్‌లో అరిస్తే కాకుండా పోతావా?"

జిల్‌ఖాదా, పదహారో రోజు. ఉకాజ్

అయిపోయింది.

బండ ఎక్కి నిలబడి మూడుసార్లు చెప్పాలి. "సైఫీ చేసినదానికి మా వంశం జవాబు చెప్పదు. సైఫీకి జరిగినదానికి మా వంశం జవాబు అడగదు." రెండోసారి నా మాట నాకే వినపడలేదు. ఎవడో వెనకనుంచి "గట్టిగా చెప్పవోయ్, తోలు మీద రాసుకొచ్చావా?" అని కేక వేస్తే జనం నవ్వారు. మూడోసారి బాగానే పలికింది.

దిగగానే మిర్దాస్ ఎదురొచ్చాడు. జుట్టు పిడచలు కట్టి భుజాల మీద పడుతోంది. విరిగిన చెయ్యి కట్టు విప్పేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మంచి పని చేశావు ఖుదైర్. నీ మీద నాకు ఏ రోజూ కోపం లేదు. అవును, మీ మరదలికి ఎన్నో నెల?"

"తొమ్మిది పడింది."

"పాపం, జాగ్రత్తగా చూసుకోండి."

మర్యాదకి అడిగాడు. మర్యాదకి చెప్పాను.

జిల్‌ఖాదా, ఇరవై నాలుగో రోజు

ఇంటికి వచ్చాక ఇల్లు తేలిగ్గా ఉంది. సిరియా బిడారువాళ్ళు కబురంపారు, మన ఒంటెలు కలుపుకుంటారట. నీళ్ళు తెచ్చే ముసలమ్మ ఉమ్ సిమాక్ కూడా ఇవాళ గొణగలేదు.

సైఫీ పక్కన కూచున్నాను. "జనం ముందు నోరు పెగిలిందా అన్నా? నీకు నలుగురిని చూస్తే వణుకు కదా" అని ఏడిపించాడు. తర్వాత వాళ్ళ సంగతులు చెప్పాడు. ప్రతి మనిషి భుజాల మీదా ఇద్దరు దేవదూతలు కూచుని వాడు చేసే మంచీ చెడూ రాస్తూ ఉంటారట. నాకు నవ్వొచ్చింది.

"నా వృత్తేనన్నమాట. తోలు ఎవరిస్తార్రా వాళ్ళకి?"

"నువ్వు నవ్వింది కూడా రాసుకుని ఉంటారు."

"మంచి వైపా, చెడు వైపా?"

"తమ్ముణ్ణి నవ్వించావుగా, మంచి వైపే."

వాళ్ళ ప్రార్థనలో దాసులూ యజమానులూ ఒకే వరసలో భుజానికి భుజం ఆనించి నిలబడతారట. అదొక్కటి నాకు మింగుడు పడదు. మిగతావి వినడానికి బాగానే ఉంటాయి.

జిల్‌హజ్, పన్నెండో రోజు. మినా

యాత్రికుల బలులు అయ్యాయి. మాంసం ఎండబెడుతున్నారు, లోయంతా ఈగలు. పొద్దున చిన్నాన్న, ఏ నెల పవిత్రమో ప్రకటించే పెద్దాయన గుడారంలోంచి మూతి తుడుచుకుంటూ బయటికి రావడం చూశాను. భోజనానికి పిలిచి ఉంటాడు.

ఆ గుడారం దగ్గర మిర్దాస్ గుర్రం కూడా కట్టేసి ఉంది. యాత్ర రోజుల్లో ఎవరి గుర్రం ఎక్కడైనా కట్టేసి ఉంటుంది.

జిల్‌హజ్, పదమూడో రోజు

వరసగా రాయాలి.

యాత్రికులు మినా నుంచి కదలబోతుండగా పెద్దాయన ఒంటె మీద లేచి నిలబడ్డాడు. ఎడారి తెగలవాళ్ళు చుట్టూ చేరి, మూడు నెలలు వరసగా దాడుల్లేకపోతే మా పిల్లలేం తింటారని మొరపెట్టుకున్నారు. ఆయన చెయ్యెత్తాడు. ఈ ఏడు ముహర్రానికి పవిత్రత లేదు, దాన్ని తర్వాతి నెల సఫర్‌కి జరిపాను అన్నాడు. జనం సరే సరే అని అరిచారు. అంతే. ఒంటెలు కదిలాయి.

ఆ హక్కు ఆయన వంశానిది. తాతల నాటినుంచీ ఉన్నదే. మూడేళ్ళుగా జరపలేదు కాబట్టి నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇన్ని ఒప్పందాలు రాశాను, ఇన్ని తేదీలు వేశాను, అది లెక్కలోకి తీసుకోలేదు!

ముహర్రం మొదటి పొద్దు పొడిచిందంటే సైఫీ వెనక వంశం లేదు, ముందు నెల లేదు. వాణ్ణి ఎవరు ఏం చేసినా అడిగే దిక్కుండదు.

తిరుగు దారిలో చిన్నాన్న తన ఒంటెను నా పక్కకి తెచ్చాడు.

"పురుటి ఇల్లు. ఇప్పుడే చెప్పి కంగారు పెట్టకు. నెమ్మదిగా చెబుదువుగాని."

"మీకు ముందే తెలుసా చిన్నాన్నా?"

"నాకేం తెలుసురా, ముసలాణ్ణి. ఒకటి మాత్రం విను. ఎవరో చెవిలో ఊది వాడు ముందే జారుకున్నాడనుకో, మిర్దాస్ ఆ బాకీ మన దగ్గరే వసూలు చేస్తాడు. నీకూ కొడుకులున్నారు. ఇద్దరూ బిడారుతో దారిలో ఉన్నారు."

ఇంకా పదిహేడు రోజులుంది. యస్రిబ్ పదకొండు రోజుల దారి. ఇవాళే చెప్తే చాలినంత సమయముంది. ఇంటికొచ్చేసరికి సైఫీ ప్రార్థనలో ఉన్నాడు. మధ్యలో పలకరించకూడదట.

రేపు చెబుతాను.

జిల్‌హజ్, పద్నాలుగో రోజు

వాడు నిద్రపోతున్నాడు. రేపు చెబుతాను.

జిల్‌హజ్, పదహారో రోజు

నాకు ఎండదెబ్బ తగిలింది. బయటికి వెళ్ళడం లేదు. సైఫీ తడిగుడ్డ పంపాడు. హుమైమా తెచ్చి ఇచ్చింది. ఆ బరువుతో వంగలేక గోడ పట్టుకుంది. ఈ మనిషిని ఇప్పుడు ఒంటె ఎక్కించడమంటే చంపడమే. వాడు ఆమెను వదిలి వెళ్ళడు. చెప్పి లాభమేమిటి? పురుడవనీ.

జిల్‌హజ్, పద్దెనిమిదో రోజు

చెప్పలేదు.

జిల్‌హజ్, ఇరవయ్యో రోజు

కాబాకి వెళ్ళి జోస్యం బాణాలు తీయించాను. మనసు తేల్చుకోలేనప్పుడు అందరూ చేసేదే. ఒకదాని మీద చెయ్యి అని, ఒకదాని మీద వద్దు అని, ఒకటి ఖాళీ. చెప్పాలా అని మనసులో అడిగాను. 'చెయ్యి' వచ్చింది. పూజారి సరిగ్గా కలపలేదనిపించింది. మళ్ళీ తీయించాను, ఖాళీది వచ్చింది. మూడోసారి 'వద్దు' వచ్చింది.

దేవుడే వద్దన్నాక నేనెవణ్ణి.

జిల్‌హజ్, ఇరవై రెండో రోజు

మిర్దాస్ ఇంటినుంచి తోలుతిత్తి నిండా నెయ్యి వచ్చింది. పురుటామెకి బలమట. తిప్పి పంపితే ఏదో తెలిసినట్టు ఉంటుందని ఉంచేశాను. ఉమ్ సిమాక్ దాంతోనే బార్లీ జావ కాచింది. అందరం తాగాం. మంచి నెయ్యి.

జావ ఇస్తూ హుమైమా నా ముఖంలోకి చూసింది. ఏదో అడగబోయినట్టు "బావగారూ" అంది. లోపలినుంచి సైఫీ దగ్గాడు. ఆమె ఊరుకుంది. కడుపులో నొప్పేమో.

జిల్‌హజ్, ఇరవై నాలుగో రోజు

ఆడపిల్ల.

చిన్నాన్న ఇంటినుంచి ఎవరూ రాలేదు. ఆడపిల్ల పుడితే ఎవరొస్తారు. వీధిలో ఇద్దరు నన్ను జాలిగా పలకరించారు. సైఫీ మాత్రం కడియం ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వచ్చి, పిల్లని రెండు చేతుల్లోకి తీసుకుని, రాజ్యం వచ్చినంత సంబరపడ్డాడు. వాళ్ళ దారిలో ఆడపిల్లని పూడ్చడం మహా పాపమట. పూడ్చిన పిల్లని ఆఖరి రోజున లేపి, నిన్నెందుకు చంపారని అడుగుతారట.

నా మొదటి కూతురి సంగతి ఇక్కడ రాయను.

"పేరు నువ్వే పెట్టాలి అన్నా" అన్నాడు. ఇలాంటప్పుడు ఏం చెప్పగలను? రేపు.

జిల్‌హజ్, ఇరవై ఆరో రోజు

చిన్నాన్న వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చెప్పలేదుగా?"

"లేదు."

"బయల్దేరేది రెండునేగా?"

తల ఊపాను. నోటితో చెప్పలేదు. తల మాత్రమే ఊపాను.

జిల్‌హజ్, ఇరవై ఎనిమిదో రోజు

బాగా ఆలోచించాను. మిగిలింది రెండు రోజులు. ఇప్పుడు బయల్దేరినా దారి మధ్యలోనే నెల మారుతుంది. పదిహేను రోజుల క్రితం చెప్తే ప్రయోజనం ఉండేది. ఇప్పుడు చెప్తే వాడికి భయం తప్ప ఏం మిగులుతుంది? ఉన్న నాలుగు రోజులైనా పిల్లతో సంతోషంగా ఉంటాడు. చెప్పకపోవడమే దయ.

మిర్దాస్ మనసు మారి ఉండొచ్చు. నెయ్యి పంపాడు కదా.

ముహర్రం, మొదటి రోజు

పిల్లకి తల గీశారు. మా అమ్మ పేరే పెట్టాను, రువైదా. సైఫీ కళ్ళు తుడుచుకున్నాడు. నేను అటు తిరిగి కూచున్నాను.

ముహర్రం, రెండో రోజు

పొద్దున్నే కడియం విప్పాను. చీలమండ చుట్టూ తోలు లేచి పుండు పడింది. వదులుగానే వేశాననుకున్నాను. నూనె రాయబోతే నవ్వి, "నువ్వు నా కాళ్ళు పట్టుకుంటున్నావేంటన్నా" అని వెనక్కి లాక్కున్నాడు.

ఒంటె మోకరించింది. హుమైమా ఎక్కింది, పిల్లని గుడ్డలో చుట్టి గుండెకి కట్టుకుంది. సైఫీ తాడు పట్టుకుని ఒక అడుగు వేసి ఆగాడు. నా వైపు తిరిగి చాలాసేపు చూశాడు.

"ఇంకేమైనా చెప్పాలా అన్నా?"

వీధిలో ఎవరూ లేరు. చెప్పడానికి ఒక్క క్షణం చాలు.

"నీళ్ళు జాగ్రత్త" అన్నాను. "రెండో మజిలీలో ఉప్పగా ఉంటాయి."

వాడి ముఖం విప్పారింది. నిజంగా విప్పారింది. వచ్చి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. తర్వాత ఒంటెను అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

ముహర్రం, మూడో రోజు

మొదటి మజిలీ చేరి ఉంటారు.

ముహర్రం, నాలుగో రోజు

ఒక ఒప్పందం రాయబోయాను. తేదీ దగ్గర ఆగిపోయాను.

ముహర్రం, ఆరో రోజు

ఇవాళ బజార్లో మిర్దాస్ కనిపించాడు. తలంటుకున్నాడు. జుట్టు నున్నగా దువ్వి, నూనె కారేలా రాసుకున్నాడు. అత్తరు వాసన వీధి చివరిదాకా వచ్చింది. నన్ను చూసి తల వంచి సలాం చేశాడు.

నేను కూడా చేశాను.

ముహర్రం, ఏడో రోజు

హుమైమా వచ్చింది. ఆడవాళ్ళ జోలికి పోలేదట, ఒంటె ముఖం మక్కా వైపు తిప్పి పంపేశారట. ఉప్పునీళ్ళ బావి దగ్గరే. వచ్చింది ముగ్గురట. సైఫీ నీళ్ళు తోడుతూ ఉన్నాడట. బావి పక్కనే రాళ్ళు కప్పి తనే పూడ్చి వచ్చిందట, ఒక్కతే, బాలింత. గోళ్ళు ఊడిపోయి ఉన్నాయి.

నేను గోడకి ఆనుకుని కూచున్నాను. ఆమె ఏడవడం లేదు. ఎదురుగా కూచుని, పిల్లకి పాలిస్తూ, పక్కింటి సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"ఉమ్ సిమాక్ నాకు ఆ రోజే చెప్పింది బావగారూ, మినా నుంచి జనం తిరిగొచ్చిన రోజే. నెల జరిపారంట, బజారంతా అదే మాట అని. నేను ఆయనకి చెప్పాను. మీరు పొండి, నేనూ పిల్లా తర్వాత వస్తాం అన్నాను. ఆయన నవ్వారు. నెల జరిపితే అన్న అక్కడే ఉన్నాడుగా, పరిగెత్తుకొచ్చి ముందు నాకే చెప్పేవాడు, అన్న చెప్పలేదంటే అది బజారు కబురే అన్నారు."

నేను నీళ్ళ ముంత ఆమె ముందుకి జరిపాను.

"నేను మిమ్మల్ని అడుగుదామనుకున్నా. రోజూ అనుకున్నా. ఆయనే అడగనివ్వలేదు. అడిగితే నమ్మనట్టు ఉంటుంది, అన్న మనసు నొచ్చుకుంటుంది అన్నారు. ఆఖరికి బయల్దేరేటప్పుడు నా కోసమే ఆగి అడిగారు, ఇంకేమైనా చెప్పాలా అని. మీరు నీళ్ళ సంగతి చెప్పారు. వీధి మలుపు తిరగ్గానే, చూశావా, బావిలో ఉప్పు గురించి కూడా చెప్పేవాడు నెల గురించి చెప్పడా అని నన్ను వెక్కిరించారు."

పిల్ల పాలు తాగడం ఆపింది. ఆమె పైగుడ్డ సర్దుకుని, నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చాను. మీకు తెలుసా బావగారూ? అదొక్కటి చెప్పండి. తెలిస్తే ఈ గుమ్మంలో నీళ్ళు కూడా ముట్టను. పిల్లని తీసుకుని ఇటునుంచి ఇటే యస్రిబ్ పోతాను, దారిలో చచ్చినా సరే."

నా తమ్ముడి రక్తం అంటూ మిగిలింది ఆ పిల్లే.

"తెలీదు" అన్నాను. అడక్కపోయినా ఇంకా చెప్పాను. ఆ రోజు పెద్దాయన నోరు తెరవకముందే మినా నుంచి బయల్దేరి వచ్చేశానన్నాను. ఎండదెబ్బ తగిలి గడప దాటలేదన్నాను. తెలిసి ఉంటే నా ప్రాణం అడ్డం వేసేవాణ్ణి కాదా అన్నాను. నా గొంతు ఎక్కడా తడబడలేదు. ఉకాజ్‌లో కూడా ఇంత బాగా పలకలేదు.

ఆమె అప్పుడు ఏడ్చింది. పెద్దగా, చాలాసేపు, గుండెలు బాదుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆయన అన్నదే నిజం. మిమ్మల్ని అనుమానించాను, నన్ను క్షమించండి" అని నా చేతులు పట్టుకుంది. ఆ ఊడిన గోళ్ళతో.

ఇక ఇక్కడే ఉంటుందట. పిల్లని నా ఒళ్ళో పడుకోబెట్టి, దీనికి ఇకమీదట తండ్రీ పెదనాన్నా మీరే అని చెప్పి, వెనక గదిలోకి వెళ్ళింది. మూడు రోజుల తర్వాత ఇప్పుడే ఆమెకి నిద్ర పట్టింది.